ఇరవై లైట్లతో నాటకం: కిరీటం నీడ నుంచి క్యూ షీటు దాకా

తిరుపతిలోనో చిత్తూరులోనో నాటకానికి లైట్లు అద్దెకు అడిగితే చాలామటుకు దొరికేది పెళ్లి రిసెప్షన్ సామానే. పాతికో ముప్పయ్యో ఎల్‌ఈడీ పార్‌లు (డబ్బా ఆకారపు రంగు లైట్లు), తలలు తిప్పే మూవింగ్ హెడ్లు నాలుగు, ఒక పొగ మిషను. అవి నాటకానికి పనికిరావని కాదు. రిసెప్షన్‌లో లైటు స్టేజీని మెరిపిస్తే చాలు, నాటకంలో మొహాన్ని చూపించాలి. ఇరవయ్యో వరుసలో కూర్చున్న మనిషికి నటుడి కళ్లు కనబడకపోతే మాట కూడా సగమే వినబడుతుంది. కాబట్టి ఎన్ని లైట్లు, ఏ రంగులు అనే లెక్కకు ముందు లైటు ఎక్కడి నుంచి పడాలో తేల్చుకోవాలి. కింద చెప్పినదాంట్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు టేపు పట్టుకుని హాలుకు

మహతి ఆడిటోరియం కానీ, అన్నమాచార్య కళామందిరం కానీ, చిత్తూరు నాగయ్య కళాక్షేత్రం కానీ, ఊళ్లో కల్యాణ మండపం కానీ, "అక్కడ లైట్లున్నాయిలే" అన్న మాట నమ్మి ప్రదర్శన రోజున దిగొద్దు. వారం ముందే వెళ్లి కొలవండి. స్టేజీ వెడల్పు, లోతు, నేల నుంచి పైన పైపు దాకా ఎత్తు కావాలి. ప్రేక్షకుల నెత్తిమీద ముందు పైపు ఉందా, ఉంటే స్టేజీ అంచు నుంచి ఎన్ని అడుగులు అన్నది మరీ ముఖ్యం. 15 ఆంపియర్ల ప్లగ్గులు ఎన్ని పనిచేస్తున్నాయో టెస్టర్ పెట్టి చూడండి. త్రీఫేజ్ ఉందా, ఏ ప్లగ్గు ఏ ఫేజులో ఉంది, మెయిన్ బోర్డు తాళం ఎవరి దగ్గర ఉంటుంది కూడా రాసుకోండి. ఆ తాళం మనిషి ఫోన్ నంబరు లేక ఆగిన రిహార్సల్స్ తక్కువేం కాదు.

కోణం

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన స్టాన్లీ మెకాండ్లెస్ 1932లో ఒక పద్ధతి చెప్పాడు. స్టేజీని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ప్రతి భాగానికీ ఎదుటి నుంచి రెండు లైట్లు వెయ్యాలి. ఒకటి ఎడమ 45 డిగ్రీలు, ఒకటి కుడి 45 డిగ్రీలు. రెండూ పైనుంచి కూడా 45 డిగ్రీల్లో దిగాలి. ఒకటి వెచ్చని రంగు, మరొకటి చల్లని రంగు. ముక్కు, చెంప, గడ్డం ఆకారం తెలిసేది రెండు పక్కలా తేడా ఉన్నప్పుడే. ఎదురుగా ఒకే లైటు కొడితే మొహం పాస్‌పోర్టు ఫొటోలా చదునైపోతుంది.

లెక్క సులువు. నటుడి మొహం నేల నుంచి అయిదున్నర అడుగులు. పైపు 16 అడుగుల ఎత్తులో ఉంటే తేడా పదిన్నర. 45 డిగ్రీలు రావాలంటే పైపు నటుడికి పదిన్నర అడుగులు ముందుండాలి. ఇంకా ముందుకు జరిగితే కోణం పడిపోతుంది, వెనక్కి వస్తే కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి.

ముందు పైపు లేని హాల్లో లైటింగ్ వాళ్లు హాలు నేల మీద 12 అడుగుల స్టాండు వేస్తారు. స్టేజీ మూడడుగుల ఎత్తుందనుకుంటే లైటు స్టేజీ నేలకు తొమ్మిదడుగుల పైనే ఉంటుంది. మొహానికీ దానికీ తేడా మూడున్నర. నటుడికి 15 అడుగుల దూరంలో స్టాండు పెడితే కోణం 13 డిగ్రీలు. అప్పుడు నటుడు వెనక తెరకు ఆరడుగులు ముందు నిలబడ్డా, అతని తల నీడ తెర మీద నాలుగడుగుల ఎత్తున పడుతుంది. రంగు తెరలో కొండలూ కోనేరూ, వాటి మధ్య పెద్ద నల్లటి తలకాయ. అదే 45 డిగ్రీలైతే తల నీడ ఆరడుగులూ కిందికి దిగి తెర పాదం దగ్గరే ఆగిపోతుంది. దారి లేక స్టాండే వెయ్యాల్సి వస్తే రెండు పనులు చేయండి. స్టాండ్లను చెరో పక్కకీ బాగా ఎడంగా జరపండి, నీడలు పక్క వింగుల్లోకి, అంటే స్టేజీ పక్క తెరల వైపుకి పోతాయి. నటుల్ని తెరకు వీలైనంత ముందుకు తెండి.

పద్యనాటకానికి మాత్రం ఈ 45 డిగ్రీల సూత్రాన్ని పట్టుకుని వేలాడకూడదు. కారణం కిరీటం. నుదుటి మీదికి వచ్చిన కిరీటం అంచు 45 డిగ్రీల లైటుకు కళ్లను పూర్తిగా కప్పేస్తుంది. రారాజు మీసం కనబడుతుంది, చూపు కనబడదు. 30, 35 డిగ్రీలకు దించండి. చాలకపోతే స్టేజీ అంచున నేలమీద, ప్రేక్షకులకు కనబడకుండా చిన్న అట్ట అడ్డుపెట్టి, రెండు వార్మ్ వైట్ లైట్లు 10 నుంచి 15 శాతంలో మీదికి వెయ్యండి. పాతరోజుల ఫుట్‌లైట్లు చేసిన పనే ఇది. 15 దాటిందా, మొహం దయ్యంలా మారుతుంది, పెద్ద నీడ మళ్లీ తెర ఎక్కుతుంది. ఇంకో సంగతి: పద్యనాటకంలో నటుడు మైకు దగ్గరికి వచ్చి పాడతాడు. డైరెక్టరు ఎక్కడ నిలబడమన్నా సరే, శ్రుతి అందుకోగానే కాళ్లు మైకు దగ్గరికే పోతాయి. అందుకని మైకులు పెట్టే గీత ముందే తెలుసుకుని, ఎదుటి లైట్లలో బలమైనవాటి గురి ఆ గీత మీదే కలపండి.

ఏ లైటు దేనికి

ప్రొఫైల్ లైటు అంచు పదునుగా ఉంటుంది. లోపలి నాలుగు షటర్లతో వెలుగును తలుపు ఆకారంలోనో కిటికీ ఆకారంలోనో కోయొచ్చు. ఫ్రెనెల్ అంచు మెత్తన, పక్కపక్క భాగాలను కలపడానికి మంచిది. పార్ క్యాన్ వెలుగు కోడిగుడ్డు ఆకారంలో పడుతుంది, వెనక లైటుకూ రంగుకూ బాగుంటుంది. ఎల్‌ఈడీ పార్‌లు తీసుకునేటప్పుడు "ఆర్‌జీబీ మాత్రమేనా, అంబర్, వైట్ కూడా ఉన్నాయా" అని అడగండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి చేసిన తెలుపు చర్మం మీద ఊదా రంగు పోస్తుంది. ఎదుటి లైట్లకు వార్మ్ వైట్ ఎల్‌ఈడీ లేదా హాలోజన్, వెనకా పక్కా ఆర్‌జీబీ: ఈ పంపకం చాలు.

వెలుగు వలయం ఎంత పడుతుందో అక్కడికక్కడే లెక్కేసుకోవచ్చు. లైటుకూ మనిషికీ మధ్య దూరాన్ని 36 డిగ్రీల ప్రొఫైల్‌కు 0.65తో, 26 డిగ్రీలకు 0.46తో, 19 డిగ్రీలకు 0.33తో గుణించండి. 15 అడుగుల నుంచి 36 డిగ్రీలది దాదాపు 10 అడుగులు, 26ది 7 అడుగులు పరుస్తుంది. దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, పావు వంతుకు పడిపోతుందని గుర్తుంచుకోండి. బాల్కనీ రెయిలింగుకు కట్టిన లైటు వెలవెలబోయేది ఇందుకే.

30 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు ఉన్న స్టేజీకి 20 లైట్ల పంపకం ఇలా ఉంటుంది. ముందు వరుసలో మూడు, వెనక వరుసలో మూడు, మొత్తం ఆరు భాగాలు, ఒక్కోటి పదేసి అడుగులు. భాగానికి రెండు చొప్పున ఎదుటి లైట్లు 12. వెనక పైపు మీద నాలుగు, తలలకూ భుజాలకూ అంచు గీయడానికి. అవి లేకపోతే నటుడు తెరలో అతుక్కుపోయినట్టుంటాడు. వెనక తెర మీదికి రెండు. మిగిలిన రెండూ ప్రత్యేకం: ఒకటి గుమ్మానికి, ఒకటి కథలో కీలకమైన చోటుకు. బడ్జెట్ 12 లైట్లకే ఉంటే ముందు వరుస మూడు భాగాలకూ ఆరు, వెనక వరుసకు ఒక్కోటి చొప్పున మూడు, వెనక పైపు మీద మూడు ఉంచి మిగతావి మానేయండి. మూవింగ్ హెడ్లు ఇస్తామంటే వద్దనండి, వాటి అద్దెకు రెండు ప్రొఫైల్‌లు అడగండి. నాటకంలో మూవింగ్ హెడ్ ఫ్యాను చప్పుడొక్కటే సన్నివేశం చెడగొట్టడానికి చాలు.

రంగు

హాలోజన్ లైట్లకు జిలెటిన్ కాగితం వేసేటప్పుడు లీ కంపెనీ నంబర్లతో మాట్లాడితే గందరగోళం ఉండదు. మొహానికి వెచ్చని పక్క 103 లేదా 162, చల్లని పక్క 202. రాత్రికి 119. 181 అనే ముదురు నీలం చూడ్డానికి చాలా ముచ్చటగా ఉంటుంది కానీ, పడిన వెలుగులో నూటికి దాదాపు ఒక్క పాలే బయటికి రానిస్తుంది. చిన్న లైటుకు వేస్తే ఏమీ కనబడదు.

కృష్ణుడి నీలం మేకప్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. గ్రీన్‌రూమ్ ట్యూబులైటు కింద అందంగా ఉన్న నీలం, స్టేజీ మీద అంబర్ పడగానే బూడిద రంగుకు తిరుగుతుంది. అంబర్‌లో నీలం కిరణాలు లేవు, చర్మం తిప్పి పంపడానికి ఏమీ ఉండదు. రెండు పక్కలా అంబర్ వేయకండి, ఒక పక్క 202 లేదా కూల్ వైట్ ఉంచండి. ఎర్ర పట్టుచీర ఆకుపచ్చ లైటు కింద నల్లబడేదీ ఇలాగే. దుస్తులన్నిటినీ ఒకసారి స్టేజీ లైట్ల కింద నిలబెట్టి చూడకుండా రంగులు ఖాయం చేయొద్దు. చమ్కీ, అద్దాలు కుట్టిన భుజకీర్తులు ఒకే కోణంలో మెరిసి ముందు వరుసల కళ్లలో గుచ్చితే, లైటును రెండడుగులు పక్కకు జరిపితే సరిపోతుంది. డిమ్ చేస్తే మొహం కూడా పోతుంది.

కాటి సీను అనగానే స్టేజీ అంతా నీలం నింపేస్తారు. రెండు నిమిషాలకు ప్రేక్షకుల కళ్లు ఆ నీలానికి అలవాటుపడి రంగు చచ్చిపోతుంది, మొహాలు మాత్రం కనబడవు. నీలాన్ని వెనకనుంచీ పక్కనుంచీ వెయ్యండి, ఎదుట వార్మ్ వైట్ 25, 30 శాతంలో ఉంచండి. అటు చీకటీ ఉంటుంది, ఇటు కన్నీళ్లూ కనబడతాయి. చితి మంటకు రెండు చిన్న లైట్లు కట్టెల వెనక నేలమీద పెట్టి, ఒకటి అంబర్, ఒకటి కొంచెం ఎరుపెక్కిన నారింజ, 40 నుంచి 80 శాతం మధ్య చేత్తో కదిలించండి. తాళం తప్పాలి. లెక్క ప్రకారం వెలిగి ఆరితే మంటలా కాదు, ఆటో ఇండికేటర్‌లా ఉంటుంది. ఖరీదైన యంత్రాలతోనే ఇవన్నీ అవుతాయనుకునేవాళ్లకు ఒక మాట: 1959లో కలకత్తా మినర్వా థియేటర్లో బొగ్గుగని నీళ్లలో మునిగిపోవడాన్ని లైటింగ్ కళాకారుడు తాపస్ సేన్ దీపాలతోనే చూపించాడు.

కరెంటు, కేబుళ్లు

1000 వాట్ల హాలోజన్ క్యాన్ 230 వోల్టుల దగ్గర 4.35 ఆంపియర్లు లాగుతుంది. 15 ఆంపియర్ల ప్లగ్గుకు మూడే. నాలుగోది తగిలిస్తే 17 దాటుతుంది. వెంటనే ట్రిప్ కాకపోవచ్చు, ఇరవై నిమిషాలకు ప్లగ్గు వేడెక్కి సరిగ్గా పతాక సన్నివేశంలో కొట్టేస్తుంది. 150 వాట్ల ఎల్‌ఈడీ పార్‌లు ఇరవై కలిపినా 13 ఆంపియర్లే. ఎల్‌ఈడీని మాత్రం డిమ్మర్ ప్లగ్గుకు తగిలించకండి, లోపలి డ్రైవర్ పాడైపోతుంది. దానికి నేరుగా కరెంటు ఇచ్చి, వెలుగు తగ్గించడం డీఎంఎక్స్ బోర్డు (తీగ ద్వారా లైట్లకు ఆదేశాలు పంపే కంట్రోలు బోర్డు) నుంచే చేయాలి.

కేబుల్ సన్నదైతే వెలుగు దారిలోనే పోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 50 మీటర్లు లాగి 13 ఆంపియర్లు పంపితే సుమారు 10 నుంచి 12 వోల్టులు తగ్గుతాయి. వోల్టులు నూటికి అయిదే పోయినా హాలోజన్ వెలుగు నూటికి 16, 17 పాళ్లు పోతుంది, రంగు కూడా పసుపెక్కుతుంది. కేబుల్ డ్రమ్మును చుట్టగానే వదిలేసి వాడొద్దు. పూర్తిగా విప్పాలి, లేకపోతే లోపలి చుట్లు కరుగుతాయి.

డీఎంఎక్స్ తీగలో వచ్చే తిప్పలు ఇంచుమించు ఎప్పుడూ ఇవే. లైట్లు వాటంతటవే మినుకుమినుకుమంటే, మధ్యలో ఎవరో మైకు కేబుల్ వాడారని అర్థం. కనెక్టర్ ఒకటే, తీగ వేరు. వరుసలో చివరి లైటుకు 120 ఓమ్‌ల టెర్మినేటర్ (తీగ చివర పెట్టే చిన్న ప్లగ్గు) పెట్టండి, ఒక లైనులో 32 లైట్లు మించొద్దు. రెండు లైట్లు కవలల్లా ఒకేలా వెలుగుతుంటే రెంటికీ ఒకే అడ్రస్ (బోర్డు ఆ లైటును గుర్తుపట్టే నంబరు) ఉంది. ఎనిమిది చానళ్ల పార్‌లైతే అడ్రస్‌లు 1, 9, 17, 25 అలా పోవాలి. అన్నిటికన్నా నవ్వు తెప్పించేది, ఏడుపూ తెప్పించేది సౌండ్ మోడ్. పెళ్లి నుంచి నేరుగా వచ్చిన పార్ సిగ్నల్ తెగగానే సౌండ్ మోడ్‌లోకి పోయి, చంద్రమతి విలాపంలో తబలా దెబ్బకు ఎరుపూ ఆకుపచ్చా గంతులేస్తుంది. ప్రతి లైటు మెనూలో సిగ్నల్ పోతే చివరి స్థితిలోనే ఆగేట్టు ముందే పెట్టండి.

స్పీకర్లలో జుయ్యిమని మోత వస్తే డిమ్మర్లూ సౌండూ ఒకే ఫేజులో ఉన్నాయేమో చూడండి. మైకు తీగలు కరెంటు తీగల పక్కనే పరుగెత్తకూడదు. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి.

ప్రతి లైటుకూ క్లాంప్ కాక సేఫ్టీ చెయిన్ ఉండాలి. సప్లై దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చి), సరైన ఎర్తింగు లేకపోతే పని మొదలుపెట్టొద్దు. విడి హాలోజన్ గొట్టాన్ని ఒట్టి చేత్తో పట్టుకోకండి, వేలి జిడ్డు ఉన్నచోట గాజు వేడికి ఉబ్బి పగులుతుంది.

ఫోకసింగ్

హాలు చీకటి చేసి, ఒక్కో లైటునే వెలిగిస్తూ దాని గురి కలపాలి. అన్నీ వెలిగించి కలిపితే ఏది తప్పు పడిందో తెలియదు. నటుడి ఎత్తున్న మనిషిని భాగం మధ్యలో నిలబెట్టండి. లైటులో బాగా మండే మధ్య భాగం అతని నుదుటిని తాకాలి, ఛాతీని కాదు. కింద నిలబడ్డవాడికి కళ్లు జిగేల్‌మంటే సరిగ్గా పడినట్టు.

"సామీ, మూడోది కిందికి దించు... చాలు చాలు. ఇంక కుడికి."

"నీ కుడికా, నా కుడికా అన్నా?"

ఈ ముక్క ప్రతి ఫోకసింగ్‌లో వినబడుతుంది, అరగంట తింటుంది. మొదలుపెట్టే ముందే ఒక మాట అనుకోండి: కుడి అంటే ప్రేక్షకుల వైపు తిరిగిన నటుడి కుడి. లేదా ఇంకా సులువుగా, ఒక పక్క హార్మోనియం వైపు, రెండో పక్క గుమ్మం వైపు అనుకోండి.

ఆరు భాగాలూ అయ్యాక అన్నీ వెలిగించి, ఆ మనిషిని ఈ వింగు నుంచి ఆ వింగుకు మెల్లగా నడవమనండి. మీరు అతని మొహమే చూడండి. రెండు భాగాల సందున చీకటి పడితే ఒక్కో వలయాన్ని మరో అడుగు లోపలికి తొయ్యండి. తర్వాత కూర్చోమనండి. సోఫాలో కూర్చోగానే చీకట్లోకి పోయే మొహాలు నాటికల్లో చాలా ఎక్కువ.

క్యూ షీటు

ఏ లైటు ఎప్పుడు మారాలో రాసుకునే కాగితం ఇది. నాలుగు గళ్లు చాలు: క్యూ నంబరు, ఎప్పుడు, ఏం మారాలి, ఎన్ని సెకన్లలో. "ఎప్పుడు" అన్న గడిలో డైలాగు కన్నా కంటికి కనబడే పని రాయండి. నటుడు డైలాగు మరిచిపోవచ్చు, తలుపు తియ్యడం మరిచిపోడు. ఉదాహరణకు ఒక నాటిక మొదలు (లైట్ల పక్కన అంకెలు శాతాలు):

క్యూ 1: హాలు లైట్లు ఆరాక, తెర మూసి ఉండగా. వెనక తెర నీలం 30, ఎదుటివి 0. 3 సెకన్లు.
క్యూ 2: తెర పూర్తిగా తెరుచుకున్నాక. ఎదుటివి 70, వెనకవి 50. 6 సెకన్లు.
క్యూ 3: తండ్రి కుర్చీలోంచి లేవగానే. కుర్చీ స్పెషల్ 80, మిగతావి 40. 10 సెకన్లు, మారినట్టు తెలియకూడదు.
క్యూ 4: తలుపు గొళ్లెం చప్పుడుకు. బ్లాకౌట్. 0 సెకన్లు.

చౌక ఎల్‌ఈడీలు 10 శాతం కింద మెట్లు దిగినట్టు గెంతుతూ ఆరుతాయి. నెమ్మదిగా ఆర్పాల్సిన చివరి సీనుకు ఒక్క హాలోజన్ క్యానైనా ఉంచుకుని, ఎల్‌ఈడీలు ముందుగా ఆరిపోయాక దాన్ని చివర్లో దించండి.

పద్యం ముగింపు మీద బ్లాకౌట్ పెట్టకండి. రాగం తీసి తీసి ఎక్కడ ఆపుతాడో పాడేవాడికే తెలియదు, ఆపైన వన్స్‌మోర్ ఉంటుంది. చప్పట్లు తగ్గి, హార్మోనియం ఆగి, నటుడు మైకు వదిలి వెనక్కి తిరిగాకే క్యూ. పరిషత్తు పోటీల్లో మీ ముందు బృందం దిగాక మీకు దొరికేది కొద్ది నిమిషాలే, అక్కడి లైట్లు కదిలించనివ్వరు. అందుకని అయిదారు క్యూలతోనే నడిచే షీటు ఇంకోటి జేబులో ఉండాలి.

ఆరుబయట భారతం

ధర్మరాజుల గుళ్ల దగ్గర రాత్రంతా భారతం ఆడే ఊళ్లలో ప్రేక్షకులు మూడు పక్కలా కూర్చుంటారు, ఎదురుగా ఒక్క వరుస లైట్లు సరిపోవు. ఆటస్థలం ముందు రెండు మూలల్లో 14, 15 అడుగుల స్తంభాలు పాతి ఒక్కోదానికి మూడేసి, వెనక రెండు మూలల్లో ఒక్కోటి చొప్పున, మొత్తం ఎనిమిది లైట్లతో తెల్లవార్లూ గడుస్తుంది. స్తంభానికి మూడు వైపులా తాళ్లు కట్టండి, తాళ్లకు తెల్లగుడ్డ పీలికలు కట్టండి. చీకట్లో పిల్లలు తట్టుకుని పడేది వాటికే.

15 కేవీఏ జనరేటర్ అంటే 12 కిలోవాట్లు, దాని మీద 9కి మించి పెట్టొద్దు. గాలి ఎటు వీస్తుందో చూసి, పొగా చప్పుడూ జనం మీదికి రాకుండా అటు చివర నిలపండి, ఎర్త్ రాడ్ మరవొద్దు. కార్తీకం వానలప్పుడైతే ప్రతి జాయింటునూ నేల నుంచి అడుగు ఎత్తున కర్రకు కట్టి, కింది వైపు తెరిచి ఉండేట్టు ప్లాస్టిక్ కప్పండి. అన్ని వైపులా బిగించి చుడితే లోపల చెమ్మ చేరుతుంది.

పురుగుల సంగతి చెప్పకపోతే ఈ పని సగమే. వాన వెలిసిన రాత్రి కూల్ వైట్ లైటు వెలిగిస్తే ఉసుళ్లు మందగా వచ్చి పాడేవాడి నోట్లో పడతాయి. ఆటకు అరగంట ముందే, స్టేజీకి యాభై అరవై అడుగుల దూరంలో, జనం లేని పక్కన ఒక తెల్లని ట్యూబులైటు వెలిగించి ఉంచండి. ఆటస్థలంలో వార్మ్ వైట్, అంబర్ మాత్రమే వాడండి. పురుగులు చాలావరకు ఆ ట్యూబు చుట్టూ చేరతాయి.

ఆట అయిపోగానే హాలోజన్ క్యాన్లు దించకండి. వేడిగా ఉన్న ఫిలమెంటు చిన్న కుదుపుకే తెగుతుంది. పావుగంట చల్లారనిచ్చి, ఈలోగా కేబుళ్లు చుట్టి లెక్కపెట్టుకుంటే, అద్దె సామాను తిరిగిచ్చేటప్పుడు బల్బుల డబ్బు కోత ఉండదు.